కుదుపు లేని కదలిక



ఈ మధ్య వస్తున్న ఖరీదైన కార్లలో డ్రైవరు సీటును జరపడానికి కింద ఇనప కడ్డీ ఉండటం లేదు. సీటు పక్కన చిన్న స్విచ్చి ఉంటుంది. దాన్ని ముందుకు నొక్కితే సీటు ముందుకు జరుగుతుంది, వెనక్కు నొక్కితే వెనక్కు వెళుతుంది, పైకి ఎత్తితే పైకి లేస్తుంది. లోపల విద్యుత్ మోటారు తిరుగుతుంది, దాంతో సీటు కదులుతుంది. చూడటానికి ఇంతే. కానీ వేర్వేరు కార్లలో కూర్చుని ఆ స్విచ్చి నొక్కి చూడండి. ఒకదాంట్లో సీటు టక్కున అదిరి బయల్దేరుతుంది, మోత పెట్టుకుంటూ వెళ్లి, దేన్నో గుద్దుకున్నట్టు ఆగుతుంది. ఇంకోదాంట్లో ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు ఆగిందో కూడా తెలియదు. చాలాసార్లు రెండింటిలోనూ ఉన్నది ఒకే రకం మోటారు. తేడా దాని వేగాన్ని అదుపు చేసే పద్ధతిలో ఉంటుంది. ఇవాళ ఆ పద్ధతి గురించి మాట్లాడుకుందాం.

మాది పల్నాడు జిల్లా నాదెండ్ల. మోటార్లు, వాటిని నడిపే ప్యానెళ్లే నా పని. మా వైపు మోటారు తెలియని ఇల్లు లేదు. మిరప చేలో, పత్తి చేలో బోరు మోటారు ఉంటుంది. మా మండలంలోనే ఉన్న గణపవరంలో, పక్కన చిలకలూరిపేట చుట్టూ నూలు మిల్లులున్నాయి. ఆ మిల్లుల్లో మోటారు వేగం దారం నాణ్యత మీద ప్రభావం చూపుతుంది. అందుకని కారు సీటు సంగతి మాకు దూరపు విషయంగా అనిపించదు. మిల్లులో పెద్ద మోటారుకు వర్తించే సూత్రమే సీటు కింద గుప్పెడంత మోటారుకూ వర్తిస్తుంది.

ముందు సీటు కింద ఏముందో చూద్దాం. అక్కడ ఉండేది మామూలుగా 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న డీసీ మోటారు. దాని ఒంట్లో శాశ్వత అయస్కాంతాలు, మధ్యలో తీగ చుట్టిన ఆర్మేచరు, దానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. ముందుకూ వెనక్కూ జరపడానికి ఒక మోటారు, ఎత్తు పెంచడానికి ఒకటి, వీపు వాల్చడానికి ఒకటి, ఇలా ఒక్కో కదలికకు ఒక్కో మోటారు. మోటారు చాలా వేగంగా తిరుగుతుంది, సీటేమో చాలా నెమ్మదిగా కదలాలి. మధ్యలో ఆ వేగాన్ని తగ్గించేవి వార్మ్ గేరు, పొడవాటి మర కడ్డీ. ఒక లెక్క వేసుకుందాం. మోటారు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకు 50 చుట్లు. వార్మ్ గేరు దాన్ని 12వ వంతుకు తగ్గిస్తే మర కడ్డీ సెకనుకు నాలుగు చుట్లకు కాస్త పైగా తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు సీటు 4 మిల్లీమీటర్లు జరిగితే, సెకనుకు సుమారు 17 మిల్లీమీటర్లు. మనిషి ఒంటికి సుఖంగా అనిపించే వేగం ఇంచుమించు ఇదే. వార్మ్ గేరుతో ఇంకో లాభం ఉంది. మోటారు గేరును తిప్పగలదు కానీ, గేరు వెనక్కి మోటారును తిప్పలేదు. అందుకే కరెంటు ఆగిపోయినా, ఎంత బరువున్న మనిషి కూర్చున్నా, సీటు ఉన్నచోటే నిలబడుతుంది.

ఇక అసలు చిక్కు. డీసీ మోటారుకు సొంతంగా ఒక స్థిరమైన వేగం ఉండదు. అది తిరుగుతున్నప్పుడు తనలో తానే ఒక ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది. ఇంజనీర్లు దాన్ని బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. వేగం పెరిగేకొద్దీ ఆ ఎదురు వోల్టేజీ పెరుగుతుంది, లోపలికొచ్చే కరెంటు తగ్గుతుంది. బ్యాటరీ వోల్టేజీకీ ఈ ఎదురు వోల్టేజీకీ మధ్య ఎక్కడ పొత్తు కుదిరితే మోటారు ఆ వేగం దగ్గర స్థిరపడుతుంది. బరువు పెరిగితే ఎక్కువ కరెంటు కావాలి, అది రావాలంటే వేగం తగ్గాలి. అందుకే 50 కిలోల మనిషి కూర్చున్నప్పుడు ఒక వేగం, 90 కిలోల మనిషి కూర్చున్నప్పుడు ఇంకో వేగం. సీటు పైకి లేచేటప్పుడు ఒక వేగం, కిందికి దిగేటప్పుడు ఇంకో వేగం. బ్యాటరీ కూడా స్థిరంగా ఉండదు. ఇంజను ఆపి ఉన్నప్పుడు అది పన్నెండున్నర వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజను స్టార్టయి ఆల్టర్నేటరు చార్జి చేయడం మొదలుపెడితే 14 వోల్టుల దాకా పోతుంది. మోటారును నేరుగా బ్యాటరీకి కలిపితే ఈ ఒక్క కారణంతోనే దాని వేగం పది శాతం పైన పెరుగుతుంది.

పది శాతమంటే పెద్ద తేడానా అని మీకు అనిపించవచ్చు. చెవిని అడిగితే పెద్ద తేడానే అంటుంది. సంగీతంలో స్థాయికి 12 స్వరస్థానాలుంటాయని మీకు తెలుసు. పక్కపక్కనే ఉన్న రెండు స్వరస్థానాల మధ్య ఉండే తేడా ఆరు శాతం కూడా ఉండదు. మోటారు వేగం పన్నెండు శాతం మారిందంటే దాని మోత దాదాపు రెండు స్వరస్థానాలు జరిగినట్టే. మా చిలకలూరిపేట నాదస్వరానికి పేరున్న ఊరు. కరవది నుంచి వచ్చిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా ఇక్కడి షేక్ ఆదం సాహెబ్ దగ్గరే విద్య నేర్చుకున్నారు. శ్రుతి కొంచెం పక్కకు పోతే పెళ్లిపందిట్లో కూర్చున్న మామూలు మనిషి కూడా తల తిప్పి చూసే ప్రాంతం ఇది. అలాంటి చెవికి, సీటు కదులుతున్నంతసేపూ మోటారు గొంతు ఎక్కుతూ దిగుతూ ఉంటే అది నాసిరకం వస్తువుగానే వినిపిస్తుంది.

నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట ఇక్కడే ఉంది. నిశ్శబ్దం అంటే శబ్దం తక్కువగా ఉండటం మాత్రమే అనుకుంటాం. మన చెవి మాత్రం శబ్దం పరిమాణం కంటే శబ్దంలో వచ్చే మార్పును ముందు పట్టుకుంటుంది. సన్నగా, ఒకే తీరుగా సాగే మోతను మనసు కాసేపట్లో వదిలేస్తుంది. అదే మోత వణికినా, గొంతు మార్చినా, ఉన్నట్టుండి తెగిపోయినా వెంటనే అటు తిరుగుతుంది. కాబట్టి మోటారు చుట్టూ స్పాంజీ, రబ్బరు ఎంత నింపినా దాని వేగం ఊగుతున్నంతకాలం సీటు చప్పుడు చేస్తూనే ఉన్నట్టు అనిపిస్తుంది. వేగాన్ని నిలబెట్టడమే నిశ్శబ్దానికి తొలి మెట్టు.

మరి వేగాన్ని ఎలా నిలబెట్టాలి? వోల్టేజీని మార్చితే డీసీ మోటారు వేగం మారుతుందన్న సంగతి పాతదే. 1891లో అమెరికా ఇంజనీరు హ్యారీ వార్డ్ లెనార్డ్ ఈ సూత్రంతో ఒక ఏర్పాటు చేశాడు. ఒక జనరేటరు ఇచ్చే వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ, దానికి కలిపిన డీసీ మోటారు వేగాన్ని మెత్తగా మార్చడం ఆ పద్ధతి. ఎత్తైన భవనాల లిఫ్టులూ, గనుల్లో బరువులెత్తే యంత్రాలూ దశాబ్దాల పాటు ఆ పద్ధతి మీదే కుదుపు లేకుండా నడిచాయి. కానీ ఒక మోటారు వేగం అదుపు చేయడానికి పక్కన ఇంకో రెండు యంత్రాలు పెట్టుకోవాలి. సీటు కింద అంత చోటెక్కడిది?

చోటు సమస్యను తీర్చింది ట్రాన్సిస్టరు. 1959లో బెల్ ల్యాబ్స్‌లో మొహమ్మద్ అటాల్లా, డావన్ కాంగ్ తయారుచేసిన మాస్‌ఫెట్ రకం ట్రాన్సిస్టరు తరువాతి కాలంలో పెద్ద కరెంట్లను కూడా క్షణంలో వేసి ఆపే స్విచ్చిగా ఎదిగింది. ఇప్పుడు సీటు కింద ఉండేది అదే. అది బ్యాటరీ కరెంటును మోటారుకు ఇస్తూ, ఆపుతూ, మళ్లీ ఇస్తూ, సెకనుకు వేలసార్లు కోస్తుంది. కోసిన ప్రతి ముక్కలో కరెంటు ఉన్న భాగం ఎక్కువైతే మోటారుకు అందే సగటు వోల్టేజీ పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. మోటారు తీగచుట్టకు కరెంటును ఒక్కసారిగా మారనివ్వని గుణం ఉంది కాబట్టి, ముక్కలుగా ఇచ్చినా లోపల అది దాదాపు ఒకే ధారగా పారుతుంది. ఈ పద్ధతిని పీడబ్ల్యూఎం అంటారు. నాలుగు మాస్‌ఫెట్లను ఒక వంతెనలా అమర్చితే మోటారును అటూ ఇటూ రెండు వైపులా తిప్పవచ్చు.

కోయడంలోనూ ఒక మెళకువ ఉంది. మన ఇళ్లలో కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు తక్కువ నంబరు మీద పెట్టినప్పుడు సీలింగు ఫ్యాను గుయ్యిమని మోగడం మీరు వినే ఉంటారు. ఆ రెగ్యులేటరు కరెంటు అలను సెకనుకు 100 సార్లు కోస్తుంది. ఆ కోత తాలూకు అదురే తీగచుట్టలో, రెక్కల్లో మనకు వినిపిస్తుంది. సీటు మోటారునూ అలా తక్కువసార్లు కోస్తే అది కూడా పాడుతుంది. సెకనుకు రెండు వేల నుంచి ఐదు వేల సార్ల మధ్య కోస్తే మరీ ఇబ్బంది, మన చెవి చాలా చురుగ్గా ఉండేది అక్కడే. అందుకని మంచి తయారీదారులు సెకనుకు 20,000 సార్లకు దగ్గరగా గానీ అంతకు పైన గానీ కోస్తారు. మనిషి చెవికి వినిపించే హద్దు దాదాపు అక్కడితో అయిపోతుంది.

అలాగని ఎంత ఎక్కువసార్లు కోస్తే అంత మంచిదనుకోవద్దు. కోసిన ప్రతిసారీ ట్రాన్సిస్టరు కొంత వేడెక్కుతుంది. పైగా కరెంటును పదునుగా కోసినప్పుడు ఆ అంచుల నుంచి కోత వేగానికి ఎన్నో రెట్ల దగ్గర రేడియో తరంగాలు పుడతాయి. 20 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 20,000 సార్ల కోతకు 27 రెట్లు 540 కిలోహెర్ట్జ్. అంటే 531 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలయ్యే మీడియం వేవ్‌లో సరిగ్గా మనం రేడియో వినే చోటు. జాగ్రత్త పడకపోతే సీటు జరిపినప్పుడల్లా కారు రేడియో గరగరమంటుంది. కార్బన్ బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు కూడా ఇదే పని చేస్తాయి. అందుకే మోటారు దగ్గర చిన్న కెపాసిటర్లు, చోకులు పెట్టి ఆ అల్లరిని అక్కడే అణచివేస్తారు. ఎవరైనా రిపేరులో వాటిని అనవసరమని తీసేస్తే సీటు కదులుతుంది, రేడియో పాడవుతుంది.

ఇప్పుడు బయల్దేరడం, ఆగడం గురించి. ఆగి ఉన్న మోటారులో ఎదురు వోల్టేజీ ఉండదు. రిలే పెట్టి ఒక్కసారిగా బ్యాటరీకి కలిపితే, మామూలుగా తీసుకునే దానికి అనేక రెట్ల కరెంటు లోపలికి దూకుతుంది. గేరు పళ్ల మధ్య, మర కడ్డీకీ నట్టుకీ మధ్య ఎప్పుడూ కొంచెం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని మోటారు పూర్తి బలంతో దాటి పంటికి పన్ను కొడుతుంది. మనకు వినిపించే టక్ అదే, నడుముకు తగిలే కుదుపూ అదే. మెత్తగా బయల్దేరాలంటే ముందు కొద్దిపాటి కరెంటు ఇచ్చి ఆ ఖాళీ మూసుకుని పళ్లు ఒకదాన్నొకటి ఆనుకోనివ్వాలి. ఆ తర్వాత సెకనులో నాలుగో వంతులోనో మూడో వంతులోనో వేగాన్ని మెట్టు లేకుండా పెంచుకుంటూ పోవాలి.

ఆగేటప్పుడు అలాగే తగ్గించాలి, కానీ అక్కడ ఒక ధర్మసంకటం ఉంది. స్విచ్చి మీద నుంచి వేలు తీసిన తర్వాత సీటు ఇంకా జరుగుతూ ఉంటే మనిషికి నచ్చదు, తాను అనుకున్నచోట ఆగలేదని మళ్లీ వెనక్కి నొక్కుతాడు. అందుకని చేత్తో నొక్కి జరిపేటప్పుడు ఆగే సమయం చాలా తక్కువ పెడతారు. కొన్ని కార్లలో ఒక్క మీట నొక్కితే, గుర్తుపెట్టుకున్న చోటికి సీటు తానే వెళ్లేటప్పుడు మాత్రం గమ్యం ముందే తెలుసు కాబట్టి, చేరువవుతుండగానే నెమ్మదించి వచ్చి నిలబడుతుంది. సీటు జరిగే పట్టా, అంటే రైలు చివర ఇనప అడ్డు ఉంటుంది కదా, దాన్ని గుద్దుకోకుండా కొన్ని మిల్లీమీటర్ల ముందే ఆపేస్తారు. దాంతో గేర్లు కూడా ఎక్కువ కాలం మన్నుతాయి.

ఈ నెమ్మది విలువ గణపవరం మిల్లుల్లో పనిచేసే వాళ్లకు బాగా తెలుసు. రింగ్ ఫ్రేములో కదుళ్లు నిమిషానికి పదిహేను వేల చుట్లకు పైగా తిరుగుతాయి. ఫ్రేమును ఒక్కసారిగా పూర్తి వేగంతో లేపితే దారాలు పటపటా తెగుతాయి. తెగిన ప్రతి దారాన్నీ మనిషి వచ్చి అతకాలి. అందుకే అక్కడ ఇన్వర్టర్ డ్రైవ్ పెడతారు. అది మోటారుకు ఇచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీని, దానితోపాటు వోల్టేజీని సున్నా దగ్గర నుంచి మెల్లగా పెంచుతుంది. కాపు, అంటే దారం చుట్టుకునే కండె, మొదట్లోనూ చివర్లోనూ దారం మీద లాగుడు ఎక్కువ కాబట్టి ఆ రెండు చోట్లా వేగం తగ్గిస్తుంది, మధ్యలో పెంచుతుంది. అక్కడున్నది ఏసీ మోటారు, ఇక్కడున్నది డీసీ మోటారు. అక్కడ కాపాడేది దారాన్ని, ఇక్కడ కాపాడేది మనిషి నడుముని. కరెంటును కోసి వేగాన్ని మలిచే విద్య రెండు చోట్లా ఒక్కటే. మిల్లులో డ్రైవ్ సెట్టింగులు చూసే కుర్రాడికి సీటు కంట్రోలరు అర్థం చేసుకోవడానికి కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ.

అయితే మెత్తగా లేపడంతో పని పూర్తి కాదు. మోటారు ఇప్పుడు ఎంత వేగంతో తిరుగుతోందో కంట్రోలరుకు తెలియాలి. తెలుసుకోవడానికి మూడు దారులున్నాయి. అన్నిటికంటే తేలికైనది బ్యాటరీ వోల్టేజీని కొలిచి, అది పెరిగితే కోతలో కరెంటు భాగాన్ని తగ్గించడం. ఇంజను స్టార్టయినప్పుడు మోటారు గొంతు మారకుండా ఉండటానికి ఇది చాలు, కానీ మనిషి బరువు సంగతి దీనికి తెలియదు. రెండో దారి మోటారు ఇరుసు మీద చిన్న అయస్కాంతం పెట్టి, పక్కన హాల్ సెన్సరు ఉంచడం. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావం మీద పనిచేసే ఈ సెన్సరు, అయస్కాంతం తన ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక సంకేతం ఇస్తుంది. రెండు సంకేతాల మధ్య ఎంత సమయం పట్టిందో చూస్తే వేగం తెలుస్తుంది. మొత్తం సంకేతాలను లెక్కపెడితే సీటు ఎక్కడుందో తెలుస్తుంది. భార్య నడిపాక భర్త ఎక్కి ఒక్క మీట నొక్కితే సీటు తన పాత చోటికి వెళ్లేది ఈ లెక్కతోనే. మూడో దారిలో సెన్సరే ఉండదు. బ్రష్‌లు ఒక రాగి పలక మీద నుంచి ఇంకో పలక మీదికి మారినప్పుడల్లా కరెంటులో చిన్న అల లేస్తుంది. ఆ అలల్ని లెక్కపెడితే చుట్లు తెలుస్తాయి. ఇందులో ఖర్చు తక్కువ, లెక్క తప్పే అవకాశం మాత్రం కాస్త ఎక్కువ.

వేగం తెలిశాక కంట్రోలరు చేసే పని ఇది. కావలసిన వేగానికీ ఉన్న వేగానికీ తేడా చూస్తుంది. తేడాను బట్టి కరెంటు భాగాన్ని అప్పటికప్పుడు పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. ఆ తేడా కొంతసేపు అలాగే మిగిలిపోతే, దాన్ని కూడగట్టుకుంటూ ఇంకొంచెం సర్దుతుంది. ఈ సర్దుబాటు ఎంత జోరుగా ఉండాలన్నది అనుభవంతో తేల్చాల్సిన విషయం. మరీ నిదానమైతే బరువైన మనిషి కూర్చున్నప్పుడు సీటు వెనకబడుతుంది. మరీ జోరైతే వేగం కావలసిన దానికంటే పైకి పోయి, కిందికి వచ్చి, మళ్లీ పైకి పోయి ఊగుతూ ఉంటుంది. ఆ ఊగిసలాట మోతలో వణుకుగా బయటపడుతుంది. చెడుగా సర్దిన కంట్రోలరు కంటే అసలు కంట్రోలరు లేని సీటే చెవికి నయమనిపిస్తుంది.

మన ఎండలు ఈ పనిని ఇంకా కష్టం చేస్తాయి. మా జిల్లాలోనే ఉంది రెంటచింతల, ఎండలకు రాష్ట్రమంతా చెప్పుకునే ఊరు. వేసవిలో అక్కడ ఆరుబయట కారు ఆపి తలుపులు మూస్తే లోపలి వేడి 60 డిగ్రీలు దాటగలదు. రాగి తీగ నిరోధం ప్రతి 10 డిగ్రీలకు సుమారు 4 శాతం పెరుగుతుంది. ఈ మోటార్లలో ఎక్కువగా వాడే ఫెర్రైట్ అయస్కాంతం బలం ప్రతి 10 డిగ్రీలకు సుమారు 2 శాతం తగ్గుతుంది. అంటే అదే మోటారు మధ్యాహ్నం ఒక తీరుగా, తెల్లవారుజామున ఇంకో తీరుగా ప్రవర్తిస్తుంది. గ్రీజు పలచబడి రైలు మీద నుంచి జారిపోతుంది, మిగిలిన జిడ్డుకు దుమ్ము పట్టి గరుకవుతుంది. అప్పుడు సీటు దిగేటప్పుడు పట్టుకుంటూ వదులుతూ గజగజలాడుతుంది. వేగాన్ని చూసి సర్దుకునే కంట్రోలరు చాలా వరకు ఈ తేడాలను మింగేస్తుంది. గ్రీజు లేని లోటును మాత్రం అది తీర్చలేదు.

ఇప్పుడు జాగ్రత్తగా వినవలసిన మాట ఒకటి. వేగం నిలబెట్టే కంట్రోలరులో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. సీటు వెనక ఒక పిల్లవాడి కాలు చిక్కుకుందనుకోండి. మోటారు నెమ్మదిస్తుంది. కంట్రోలరుకు అది బరువు పెరిగినట్టే కనిపిస్తుంది, కాబట్టి వేగం నిలబెట్టాలని ఇంకా బలంగా తోస్తుంది. దాని మంచి గుణమే అక్కడ హానిగా మారుతుంది. అందుకే కరెంటు ఇంత దాటకూడదని ఒక హద్దు తప్పకుండా పెట్టాలి. కరెంటు ఉన్నట్టుండి ఎగబాకినా, వేగం ఉన్నట్టుండి పడిపోయినా, ఆగి కొంచెం వెనక్కి జరగాలి. ఈ రక్షణ ఉన్న సీట్లు ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. కాబట్టి తాళంచెవి పెట్టి పిల్లల్ని కారులో ఒంటరిగా వదలకండి. వెనక ఎవరున్నారో చూడకుండా సీటు జరపకండి. బండి నడుస్తుండగా డ్రైవరు సీటు ఎప్పుడూ సర్దుకోవద్దు.

మెకానిక్కు సోదరులకు కూడా రెండు మాటలు. సీటు మొరాయిస్తే చాలా చోట్ల మోటారు మార్చాలని చెప్పేస్తారు. ముందు ఫ్యూజు, స్విచ్చి, కనెక్టరు చూడండి. రైలు సందులో పడ్డ నాణెమో పెన్నో ఉందేమో చూడండి. రైలు తుడిచి, కంపెనీ చెప్పిన గ్రీజు రాసి చూడండి. మోటారు దగ్గర వోల్టేజీ కొలిచి, ఎంత కరెంటు తీసుకుంటోందో చూశాకే దాని మీద నింద వేయండి. బ్యాటరీ తీసి పెట్టాక సీటు తన చోటును మరిచిపోతే, ఆ కారు పుస్తకంలో చెప్పిన పద్ధతిలో దానికి మళ్లీ హద్దులు నేర్పాలి. అన్నిటికంటే ముఖ్యం, సీటు కింద పసుపురంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి. బ్యాటరీ తీసి, పుస్తకంలో చెప్పినంతసేపు ఆగకుండా వాటి జోలికి పోవద్దు. వాటికి టెస్టు బల్బు అసలు పెట్టవద్దు.

విద్యుత్ సీటు ప్రపంచానికి కొత్తది కాదు. అమెరికాలో 1957 నాటి క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ కారులోనే తన చోటును గుర్తుపెట్టుకునే సీటు ఉండేది. అప్పట్లో అది కోటీశ్వరుల వస్తువు. మన రాష్ట్రంలో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం నుంచి 2019లో బయటికొచ్చిన మొదటి కారు సెల్టోస్. దాని పై శ్రేణి బళ్లలో డ్రైవరు సీటు విద్యుత్తుతోనే కదులుతుంది. అంటే ఈ వస్తువు ఆంధ్ర నేల మీద బిగించి రోడ్డెక్కే రోజులు వచ్చాయి. ఇలాంటి కార్లు సెకండ్ హ్యాండులో మన ఊళ్లకూ వస్తాయి. వాటిని బాగుచేసే చేతులు, వాటికి కంట్రోలర్లు తయారుచేసే బుర్రలు కూడా ఇక్కడే ఉండాలని నా కోరిక.

నరసరావుపేటలో జేఎన్‌టీయూ కాకినాడ వారి ఇంజనీరింగు కళాశాల ఉంది. చుట్టుపక్కల ఐటీఐలు, పాలిటెక్నిక్కులు ఉన్నాయి. అక్కడ చదివే పిల్లలకు నేనొక ప్రయోగం చెబుతాను. విజయవాడ ఆటోనగర్‌లో పాత కారు సీటు ఒకటి మోటార్లతో సహా సంపాదించండి. దాని మీద 50 కిలోల బస్తా పెట్టి, నేరుగా బ్యాటరీకి కలిపి, పైకి లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. బరువు పెంచి మళ్లీ చూడండి. వోల్టేజీ 12 దగ్గర ఒకసారి, 14 దగ్గర ఒకసారి చూడండి. తరువాత మాస్‌ఫెట్లు, హాల్ సెన్సరు, చిన్న మైక్రోకంట్రోలరు పెట్టి, ఎంత బరువున్నా ఏ వోల్టేజీ ఉన్నా ఒకే సమయం పట్టేలా చేయండి. చివరగా ఫోనులో ఆ మోతను రికార్డు చేసి, మొదటి మోతతో పోల్చి వినండి. పుస్తకంలో సమీకరణంగా చదివినది చెవికి వినిపిస్తుంది.

ఆ పని చేసినవాళ్లకు కారు సీటొక్కటే రాదు. ఆసుపత్రిలో రోగి తల వైపు పైకి లేపే విద్యుత్ మంచం, నడవలేని మనిషిని తీసుకెళ్లే మోటారు చక్రాల కుర్చీ కూడా ఇదే విద్య మీద నడుస్తాయి. ఆపరేషను కుట్లు పచ్చిగా ఉన్న మనిషికి మంచం టక్కున లేస్తే ఎంత బాధో ఆలోచించండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కారు ఎక్కేటప్పుడు సీటు మెల్లగా వెనక్కి జరిగి, ఆమె కూర్చున్నాక మెల్లగా ముందుకొస్తే, పక్కనుండి చెయ్యి పట్టుకునే మనిషి అవసరం ఆమెకు తగ్గుతుంది. మెత్తని కదలికను డబ్బున్నవాళ్ల సోకుగా చూడటం సరికాదు. నొప్పి ఉన్న ఒంటికి అది అవసరం.

యంత్రానికి బలం ఎంత అని మనం ఎప్పుడూ అడుగుతాం. బోరు మోటారు కొనేటప్పుడు ఎన్ని హార్స్‌పవర్లు అంటాం, కారు కొనేటప్పుడూ అదే అడుగుతాం. ఇకనుంచి ఇంకో ప్రశ్న కూడా అడుగుదాం. ఆ బలం ఎంత అదుపుగా బయల్దేరుతుంది, ఎంత నిలకడగా సాగుతుంది, అడ్డు వస్తే ఎంత త్వరగా ఆగుతుంది? కొనేవాళ్లు ఈ ప్రశ్న అడగడం మొదలుపెడితే తయారుచేసేవాళ్లు జవాబు వెతుకుతారు. ఆ జవాబు పల్నాడు పిల్లల చేతుల మీదుగా రావాలని మనసారా కోరుకుంటున్నాను.